నాడి చూశాకే గెలుపు

బండలాగుడు పోటీకి ఎడ్ల జత వచ్చిందంటే ముందు చూసేది నోరు. ఒకరు ముక్కుతాడు పట్టి గిత్త తల పైకెత్తుతారు, ఇంకొకరు కింది పెదవి లాగి పళ్లు లెక్కపెడతారు. పాలపళ్లా, రెండు పళ్లా, నాలుగా, ఆరా అని తేలాకే ఏ విభాగంలో దించాలో చెబుతారు. ముదురు గిత్తను తెచ్చి లేతవాటి మీద గెలిచిపోకుండా పల్లెలు తమకు తామే పెట్టుకున్న కట్టడి ఇది. ఆ తర్వాత కాడి వేసి, మోకుతో బండకు బిగించి, గడియారం నొక్కుతారు. ఇచ్చిన నిమిషాల్లో ఎంత దూరం లాగితే అంత. అడుగులతో ఆగరు, అంగుళాలు కూడా మైకులో చదువుతారు. నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలోనైనా, పైన ప్రకాశం, పల్నాడు వైపైనా తిరునాళ్ల పోటీ అంటే ఇదే వరస. దిగేముందు నోరు చూసినవాళ్లు లాగి వచ్చాక మాత్రం ఆ జత వంక చూడరు. డొక్కలు ఎంతసేపు ఎగిసిపడుతున్నాయి, కాడి ఒరుసుకున్నచోట మెడ తోలు లేచిందా, కాలు ఎత్తెత్తి వేస్తోందా అన్నదంతా యజమాని గొడవ. ఆ గొడవ పోటీ లెక్కలోకి రావాలన్నది నా వాదన. ఎంత దూరం లాగిందో కొలిచినట్టే, లాగాక ఎంతసేపట్లో తేరుకుందో కూడా కొలిచి, రెండూ చూశాకే గెలుపు చెప్పాలి.

ఇది ఎక్కడా లేని కోరిక కాదు. దూరప్రయాణపు గుర్రపు పోటీల్లో ఎప్పటినుంచో నడుస్తున్న పద్ధతి. 1955లో అమెరికాలోని కాలిఫోర్నియాలో వెండెల్ రోబీ అనే ఆయన, ఈ కాలపు గుర్రం కూడా ఒక్కరోజులో 100 మైళ్ల కొండదారి నడవగలదని చూపిస్తానని కొందరితో కలిసి బయల్దేరాడు. అదే టెవిస్ కప్ పేరుతో సాగుతూ వచ్చింది. సియెర్రా నెవాడా కొండల మీదుగా ఆబర్న్ పట్టణం దాకా, 24 గంటల్లో 160 కిలోమీటర్లు. దారిలో అక్కడక్కడా పశువైద్యులు కాపు కాసి ఉంటారు. గుర్రం ఆగగానే నాడి చూస్తారు. చిగుళ్ల రంగు చూస్తారు. మెడ మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలి, అది వెంటనే సర్దుకుంటే సరే, మడత నిలిచిపోతే ఒంట్లో నీరు తగ్గిందని తేలుస్తారు. నాలుగడుగులు పరుగెత్తించి కుంటు ఉందేమో కనిపెడతారు. ఏది బాగోలేకపోయినా ఆ గుర్రానికి ఆట అక్కడితో సరి, అందరికంటే ముందున్నా సరే. బయల్దేరినవాటిలో చివరిదాకా చేరేవి సుమారు సగమే. అంతర్జాతీయ ఈక్వెస్ట్రియన్ సమాఖ్య నియమాలకూ ఇదే పునాది: నిర్ణీత నిమిషాల్లోగా నాడి నిమిషానికి 64 కు దిగిరాని గుర్రాన్ని తప్పించేస్తారు. గీత దాటినా గెలిచినట్టు కాదు, దాటాక పరీక్ష నెగ్గాలి. టెవిస్‌లో 1964 నుంచి హ్యాగిన్ కప్ అని ఇంకో బహుమతి కూడా ఉంది. ముందు వచ్చిన పది గుర్రాల్లో ఏది అందరికంటే మంచి స్థితిలో ఉందో దానికి ఇస్తారు. నిర్ణయించేది మర్నాడు పొద్దున. రాత్రి గడిచి, ఒళ్లు చల్లబడి, దాగిన నొప్పి బయటపడే వేళ అది. జనం కేకల ఊపు అప్పటికి దిగిపోయి ఉంటుంది. మొదటి స్థానం కంటే ఈ కప్పునే ఘనంగా చెప్పుకునే రౌతులు ఆ ఆటలో తక్కువేం కాదు.

పోటీలు అలా ఉంచితే, పదిమంది జట్టుగా విదేశం వెళ్లి వారం రోజులు గుర్రాల మీదే తిరిగివచ్చే విహారయాత్రలు కూడా ఇప్పుడు మంచి వ్యాపారం. మంగోలియా, కిర్గిజ్‌స్తాన్, స్పెయిన్, బోట్స్వానా, ఐస్‌లాండ్... ఎవరి తాహతును బట్టి వారు. డబ్బున్నవాళ్ల ముచ్చట అని కొట్టిపారేసే ముందు ఆ డబ్బు దేనికి పోతోందో చూడాలి. ఐస్‌లాండ్ సంగతే తీసుకుందాం. అక్కడి దూరప్రయాణాల్లో మనిషికొక గుర్రం చాలదు. జీను లేని గుర్రాల మంద ఒకటి వెంటే పరుగెత్తుతూ వస్తుంది. మధ్యలో ఆగినప్పుడు, ఎక్కినదాన్ని మందలోకి వదిలి, సేదతీరినదానికి జీను కడతారు. ఎక్కేవాళ్ల బరువుకు హద్దు ముందే రాసి ఉంటుంది, మించితే సొమ్ము కట్టినా ఎక్కించరు. రోగాలొస్తాయని బయటి గుర్రాన్ని దేశంలోకి రానివ్వరు. ఒకసారి దేశం దాటిన తమ గుర్రాన్ని కూడా మళ్లీ రానివ్వరు. ఇంకోచోట వాడిన జీనులూ కళ్లేలూ పట్టుకొస్తామంటే ఒప్పుకోరు. అక్కడి పోటీ గుర్రాల నోళ్లు పరీక్షించి 2014లో ఒక అధ్యయనం వెలువడింది. నోట్లో పెట్టే కడ్డీల్లో, నాలుక దగ్గర వంపు తిరిగిన ఒక రకం వాడినచోట గాయాలు ఎక్కువని తేలింది. ఆ రకాన్నే పోటీల్లోంచి తీసేశారు. యాత్రికుడు తాను స్వారీ కొంటున్నానని అనుకుంటాడు. నా లెక్కలో ఆ ధరలో పెద్ద భాగం గుర్రం విశ్రాంతికి కట్టే అద్దె. మన యాత్రాస్థలాల్లో పోనీ మీద ఎక్కించే బేరంలో ఈ లెక్కే కనిపించదు. బరువు మోసే పశువుల కోసం 1965లో కేంద్రం చేసిన నియమాల్లో పోనీ మీద మోపు 70 కిలోలు మించకూడదని ఉంది. కొండ ఎక్కడానికి బేరమాడే భక్తుల్లో ఎంతమంది ఆ 70 లో ఇముడుతారో ఎవరికి వారే చూసుకోవచ్చు. 2025 మే మొదట్లో కేదార్‌నాథ్ దారిలో గుర్రాలు, కంచర గాడిదలు చచ్చిపోతుంటే, ఇన్‌ఫ్లుయెంజా భయంతో వాటి వాడకాన్నే కొన్నాళ్లు ఆపాల్సి వచ్చింది.

ఉదయగిరి దుర్గం చూసినవాళ్లకు ఇక్కడ గుర్రపు స్వారీ పెడితే బాగుండునని తోచడం సహజం. వెలిగొండల అంచున కోట, కింద మెట్ట చేలు, ఆత్మకూరు వైపు వస్తే పెన్నా, సోమశిల జలాశయం. ప్రచారానికి కృష్ణదేవరాయల పేరు ఎలాగూ ఉంది. ఆ పేరు వాడుకునే ముందు పాత రాతలు ఏం చెబుతున్నాయో వినాలి. పదహారో శతాబ్దంలో విజయనగరం చరిత్ర రాసిన పోర్చుగీసువాడు న్యూనిజ్ లెక్క ప్రకారం, రాయలు ఉదయగిరి మీదికి 34,000 మంది కాల్బలంతో, 800 ఏనుగులతో వచ్చాడు. కోటలో ఉన్నది 10,000 మంది సైనికులు, 400 గుర్రాలు. కోట అంత గట్టిది గనక అంతకుమించి అక్కర్లేదట, తిండి అందకుండా చేస్తే తప్ప లొంగదట. ముట్టడి ఏడాదిన్నర సాగింది. కొండల్లో బండలు పగలగొట్టించి, బురుజుల దాకా దారులు వేయించాక, 1514లో గజపతుల చేతిలోంచి కోట జారింది. ఏటా 13,000 గుర్రాలు కొన్నాడని అదే న్యూనిజ్ చెప్పిన రాజుకు ఉదయగిరిని సంపాదించి పెట్టినవి గుర్రాలు కావు, రాళ్లు కొట్టేవాళ్ల సుత్తులూ కోటలోవాళ్ల ఆకలీ. కాబట్టి రాయల గుర్రాలు నడిచిన బాట అని బోర్డు రాయించాలనుకునేవాళ్లు కాస్త ఆగి ఆలోచించడం మంచిది.

ఆ రాతల్లోనే మనకు పనికొచ్చే మాట ఇంకొకటి ఉంది. రాయలకు ముందటి సాళువ నరసింహుడు హోర్ముజ్, ఏడెన్‌ల నుంచి వచ్చే గుర్రాలను బతికున్నా చచ్చినా వెయ్యి పర్దావు నాణేలకు మూడు చొప్పున కొనేవాడట. ఓడలో చచ్చినదానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, ప్రాణమున్న గుర్రానికి ఇచ్చినంతా ఇచ్చేవాడట. ఉదయగిరి, కొండవీడు, రాయచూరు దక్కలేదన్న కొరతతోనే ఆయన పోయాడని కూడా న్యూనిజే రాశాడు. అంతకు రెండు వందల ఏళ్ల ముందు తూర్పు తీరానికి వచ్చిన మార్కోపోలో అక్కడి మాబార్ రాజుల గురించి ఇంకా ఘోరమైన లెక్క చెప్పాడు. ఒక్కొక్కరు ఏటా 2,000 కు పైగా గుర్రాలు కొంటే, ఏడాది తిరిగేసరికి 100 కూడా మిగలవట. సాకడం తెలియదు, గుర్రపు వైద్యం తెలిసినవాళ్లు లేరు, అమ్మే వర్తకులు అలాంటివాళ్లను ఇటు రానివ్వరు, వస్తే వ్యాపారం పడిపోతుందని. పోలో మాటల్లో అతిశయం పాలు తీసేసినా మిగిలేది చిన్నదేం కాదు. దక్షిణాది రాజ్యాలు గుర్రానికి బంగారం పోశాయి, గుర్రాన్ని బతికించే చేతికి పెట్టాల్సింది పెట్టలేదు. ఇప్పుడు దేశంలో గుర్రాలే తగ్గిపోయాయి. 2019 పశుగణన నాటికి గుర్రాలు, పోనీలు కలిపి సుమారు 3.4 లక్షలు, 2012తో పోలిస్తే దాదాపు 45 శాతం తక్కువ. ఉన్నవాటికే వైద్యం తెలిసినవాళ్లు దొరకని చోట, కోట కింద నాలుగు గుర్రాలు కట్టి ఫొటోకింత, చుట్టుకింత అని మొదలుపెడితే అవి ఏమవుతాయో ఊహించడానికి మార్కోపోలో అక్కర్లేదు.

ఇక్కడి నేలకు తెలిసిన జంతువు ఎద్దు. ఒంగోలు జాతి పుట్టిన పొలాల్లో చాలా భాగం ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోనివే. అందుకే సముద్రం దాటి బ్రెజిల్ చేరిన మన పశువుకు అక్కడ నెలోరే అని పేరు స్థిరపడింది. ఇప్పుడు ఆ దేశపు మాంసపు పశువుల్లో అత్యధిక భాగం ఈ రక్తమే. 1960లలో వెళ్లిన కరవది ఆబోతు పేరు అక్కడి పశుపోషకులకు ఇవాళ్టికీ తెలుసు. పంటనాల్ చిత్తడి నేలల్లో గుర్రపు విహారయాత్రకు వెళ్లినవాడు జీను మీద కూర్చుని చూసే తెల్ల మందలు నెల్లూరు పేరు మోసేవే. సొంత ఊళ్లో కాడి కట్టే ఎద్దును మనం ఎలా చూస్తున్నామన్న ప్రశ్న నుంచి తప్పించుకుని బ్రెజిల్ గొప్ప చెప్పుకోవడం నాకు సబబుగా తోచదు. ట్రాక్టరు వచ్చాక సేద్యంలో ఎద్దుకు పని పోయింది. పోటీ కోసం పెంచేవాళ్లు ఉలవలూ, పత్తిగింజలూ పెట్టి, పిల్లల్లా సాకుతారన్నది నిజమే. పోటీలు ఉండబట్టే జాతి నిలిచిందనే మాట మాత్రం సగమే నిజం. పోటీ గిత్తలు కొద్ది ఇళ్లలోనే ఉంటాయి. జాతి నిలిచేది ఆవులతో, దూడలతో, మేతతో. పోటీ నిలబెట్టేది ఎద్దు మీద మోజును. ఆ మోజు కూడా విలువైనదే గనకనే దాన్ని కాపాడుకునే దారి వెతకాలంటున్నాను.

చట్టం ఇందుకు పెద్దగా ఉపయోగపడదు. జంతుహింస నివారణకు 1960లో చేసిన చట్టం కింద మొదటి నేరానికి జరిమానా ఇప్పటికీ 10 నుంచి 50 రూపాయలు. పైన చెప్పిన 1965 నియమాల్లో మరో మంచి మాట ఉంది. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పశువు చేత బండి లాగించకూడదు, బరువు మోయించకూడదు. మే, జూన్ నెలల్లో నెల్లూరు మెట్టలో 37 దాటని రోజులు ఎన్ని? బండికి వర్తించే ఇంగితం బండకు వర్తించకుండా పోతుందా? కోర్టుల సంగతి చూస్తే, 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్లబండి పందేలనూ ఆపేయమంది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ చట్టాలు సవరించుకుని, వైద్య పరీక్షల వంటి షరతులు రాసుకున్నాక, 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణలు చెల్లుతాయంది. ఈ రెండు తీర్పుల మధ్య తొమ్మిదేళ్లలో జరిగిందేమిటంటే, షరతులు రాసుకున్న ఆటలకు నిలబడడానికి కాస్త నేల దొరికింది. రాసుకోని ఆట ఎప్పుడు ఎవరి చేత ఆగుతుందో తెలియదు. పట్టణాలవాళ్లకు పల్లె ఆటలంటే చిన్నచూపని కోపగించుకునేవాళ్లు ఆధునిక పెంటాథ్లాన్ గతి చూడాలి. 1912 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న ఆ ఆటలో గుర్రపు స్వారీ ఒక భాగం. టోక్యోలో 2021 ఆగస్టులో, మొరాయించిన గుర్రాన్ని బెత్తంతో బాదడం, శిక్షకురాలు పిడికిలితో గుద్దడం ప్రపంచమంతా టీవీలో చూసింది. పారిస్ క్రీడల తర్వాత ఆ ఆటలోంచి గుర్రాన్నే తీసేసి అడ్డంకుల పరుగు పెట్టారు. అది యూరప్ సైనికాధికారుల ముచ్చటైన ఆట. అంత పలుకుబడి ఉండీ నిలబడలేదు.

అభ్యంతరాలు ఉంటాయి, కొన్ని గట్టివే. సంప్రదాయంలో వేలు పెట్టొద్దన్నది మొదటిది. పళ్లు చూసే పద్ధతి కూడా ఎవరో ఒకరు ఎప్పుడో మొదలుపెట్టిందే కదా. పశువు ఒంటిని చూసి పోటీ నడపాలన్న సూత్రాన్ని మన పల్లెలు ఆనాడే ఒప్పుకున్నాయి, నోటితో మొదలై నాడి దాకా రావడానికి కొత్త సిద్ధాంతం ఏదీ అక్కర్లేదు. రెండో అభ్యంతరం పశువైద్యుల నుంచే రావచ్చు: గుర్రానికి పెట్టిన 64 ఎద్దుకు ఎలా సరిపోతుంది? సరిపోదు. గుర్రం మైళ్ల కొద్దీ పరుగెత్తుతుంది, గిత్త కొద్ది నిమిషాల్లో టన్నుల బరువు గుంజుతుంది. గుండె తీరు వేరు, ఒళ్లు చల్లబడే తీరు వేరు, మూపురమున్న పశువు వేడిని ఓర్చుకునే తీరు మరీ వేరు. కాబట్టి మన అంకె మనమే కనిపెట్టుకోవాలి. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, గుంటూరు దగ్గర లాంలో ఒంగోలు జాతి మీద పనిచేసే పరిశోధనా కేంద్రం ఉంది. ఒక్క సీజను పాటు పోటీల దగ్గర కూర్చుని, బండ విప్పిన వెంటనే, పది నిమిషాలకు, అరగంటకు ప్రతి గిత్త నాడీ, ఊపిరీ, ఒంటి వేడీ రాసుకుంటే పట్టిక దానంతటదే తయారవుతుంది. కావలసిన సరంజామా ఒక స్టెతస్కోపు, ఒక థర్మామీటరు, ఒక గడియారం. ఎద్దుకు తోక మొదట్లో అడుగువైపు వేలు ఆనిస్తే నాడి దొరుకుతుంది. ఊపిరి లెక్కకు వేలు కూడా అక్కర్లేదు, పక్కన నిలబడి డొక్క చూస్తే చాలు.

వైద్యులు ఎక్కడ దొరుకుతారన్నది మూడో మాట. మెట్ట మండలాల్లో మామూలు రోజునే పశువైద్యుడి కోసం ఎదురుచూడాలి, తిరునాళ్ల రోజున వస్తాడా అంటారు. గ్రామ సచివాలయాల్లో పశుసంవర్ధక సహాయకులు ఉన్నారు, 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార వాహనాలు ఉన్నాయి. అవి చాలవనుకున్నా, మొదటి బహుమతికి లక్షల సొమ్మో ట్రాక్టరో పెట్టగలిగిన కమిటీ ఇద్దరు వైద్యుల రానుపోను ఖర్చులు పెట్టుకోలేదంటే నమ్మడం కష్టం. షామియానా, మైకు, ఫ్లెక్సీల ఖర్చులో ఒక మూలకు వస్తుంది. చర్నాకోల విషయంలోనైతే వైద్యుడి అవసరమే లేదు. బ్రిటన్‌లో 2023 నుంచి చదును పందేల్లో జాకీ కొరడా 6 సార్లకు మించి వాడకూడదు, అడ్డంకుల పందేల్లో 7 సార్లకు మించకూడదు. హద్దుకు నాలుగు దెబ్బలు మించితే గెలిచిన గుర్రాన్నే తప్పించేస్తారు. ఆరయినా ఎందుకని అడిగేవాళ్లు అక్కడా ఉన్నారు, ఆ అడగడంలో న్యాయముంది. లెక్కంటూ మొదలైతేనే తగ్గించమని అడిగే వీలుంటుంది. మన పోటీల్లో లాగిన దూరాన్ని అంగుళాలతో సహా లెక్కించే ఓపిక ఉంది గనక దెబ్బలు లెక్కించే ఓపిక లేదనడానికి లేదు.

అన్నింటికంటే గట్టి అభ్యంతరం వేరే ఉంది: కాగితం మీద నియమాలు రాస్తే పశువుకు ఒరిగేదేమిటి? ఇది కొట్టిపారేసే మాట కాదు. నాడి పరీక్షలు పుట్టిన దూరప్రయాణపు స్వారీలోనే, ఎడారి దేశాల్లో డబ్బు కుమ్మరించి వేగం పెంచాక గుర్రాల కాళ్లు విరిగాయి. 2015 మార్చిలో అంతర్జాతీయ సమాఖ్య యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ సమాఖ్యనే సస్పెండ్ చేయాల్సి వచ్చింది, కొన్ని నెలలకు షరతులతో తిరిగి తీసుకుంది. పరీక్ష ఉన్నచోటే ఇంత జరిగితే లేనిచోట ఏం జరుగుతుందో అన్నది నా జవాబులో ఒక సగం. రెండో సగం మన దగ్గరున్న ఒక సదుపాయం గురించి. మన పోటీలకు వ్యాఖ్యాత ఉంటాడు. జత పేరు, యజమాని పేరు, ఊరు, లాగిన అడుగులు అన్నీ వేలమంది వినేలా మైకులో చెబుతాడు. బండ విప్పిన పది నిమిషాలకు గిత్త నాడి ఎంత ఉందో కూడా అదే మైకులో చెబితే? ఫలానా జత ఎక్కువ లాగింది, కానీ అరగంటైనా తేరుకోలేదని ఊరంతా వింటుంది. అంకెలు బహిరంగంగా పలికే చోట వాటిని దిద్దడం కష్టం. మన జనానికి పశువుల గురించి తెలుసు కూడా. రెండు మూడు పోటీలు గడిచేసరికి ఎవరి ఎద్దులు గట్టివో, ఎవరివి కేవలం అదిలింపుతో లాగుతున్నాయో రచ్చబండ మీద వాళ్లే తేల్చేస్తారు. పేరుకు పేరు, పరువుకు పరువు అని పోటీకి దిగే యజమానికి 50 రూపాయల జరిమానా కంటే ఈ మైకంటేనే భయం ఎక్కువ.

ఒక్క పోటీలో చూసే నాడి చాలదన్నది నిజం. సీజనులో ఒకే జతను వ్యానెక్కించి ఇవాళ ఒక జిల్లా, రెండు రోజులకు ఇంకో జిల్లా తిప్పేవాళ్లున్నారు. ఒంట్లో అలుపు పోగయ్యేది అక్కడే. అంతర్జాతీయ గుర్రపు పోటీల్లో ప్రతి గుర్రానికీ పాస్‌పోర్టు ఉంటుంది, ఎక్కడ దిగిందో రాస్తారు, ఒక దూరప్రయాణపు పోటీకీ ఇంకోదానికీ మధ్య తప్పనిసరి విశ్రాంతి రోజులు ఉంటాయి. మన పశువుల చెవికి 12 అంకెల పసుపుపచ్చ ట్యాగు ఇప్పటికే వేస్తున్నారు. ఆ అంకె కింద పోటీ తేదీలు నమోదు చేయడానికి కొత్త యంత్రాంగం పెట్టనక్కర్లేదు. ఇన్ని రోజులు తిరగకుండా వచ్చిన జతను దించబోమని కమిటీలు మాట్లాడుకుంటే చాలు. ఒక ఊరి కమిటీ పట్టుబడితే జతలు పక్క ఊరి పోటీకి పోతాయి గనక ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. కనీసం ఉదయగిరి, ఆత్మకూరు నియోజకవర్గాల్లో పోటీలు పెట్టే ఊళ్లన్నీ ఒక మాట మీదికి రావాలి.

గుర్రాల మాటకొస్తే, అనకాపల్లి జిల్లా పల్లెల్లో గ్రామదేవత పండుగలకు గుర్రాల పరుగు పందేలు నడుస్తూనే ఉన్నాయి. ఈ కొలత అక్కడా అంతే అవసరం, పైగా గుర్రానికి అంకెలు సిద్ధంగా ఉన్నాయి. రేపెప్పుడైనా ఉదయగిరి కొండ కింద స్వారీ వస్తే, బరువు హద్దు, రోజుకు గంటల హద్దు, మారు గుర్రాలు, వేసవి మధ్యాహ్నాలు సెలవు అన్నవి మొదటి గుర్రాన్ని కొనకముందే రాసుకోవాలి. అలా రాసుకుంటే గిట్టుబాటు కాదనేవాళ్లు ఆ వ్యాపారం పెట్టకపోవడమే మేలు. అడవి అనుమతులు, నీళ్లు, బస వంటివి ఆ తర్వాతి సంగతులు.

ముందుగా చేయగలిగింది ఎద్దుల పోటీలోనే ఉంది. పోటీకి నెలముందు కమిటీలు కరపత్రం అచ్చు వేయిస్తాయి. బహుమతుల జాబితా, దాతల పేర్లు, బండ బరువు, నిబంధనలు అందులోనే ఉంటాయి. ఈసారి ఆ నిబంధనల్లో కొన్ని చేర్చమని అడగవచ్చు: మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండ కదలదు. చర్నాకోల దెబ్బలకు లెక్క ఉంటుంది. బండ విప్పాక వైద్యుడు చూసి సరేనన్న జతకే బహుమతి. వీటితోపాటు, ముందు నిలిచిన జతల్లో మంచి స్థితిలో ఉన్నదానికి మర్నాడు పొద్దున ఒక ప్రత్యేక బహుమతి, మొదటి బహుమతికి తీసిపోని విలువతో. రాత్రికి ఆగే జతలకు మేత, నీళ్లు, నీడ కమిటీ ఖర్చు. ట్రాక్టరు ఇస్తామని ముందుకొచ్చే దాతల్లో ఒకరు ఈ ప్రత్యేక బహుమతికి పేరు రాయించుకోవచ్చు.